హెన్రీ వాట్సన్ ఫౌలర్

హెన్రీ వాట్సన్ ఫౌలర్ (1858 మార్చి 10 – 1933 డిసెంబరు 26) ప్రసిద్ధ ఆంగ్ల నిఘంటుకారుడు, ఉపాధ్యాయుడు, ఆంగ్ల భాషా ప్రయోగాలను నిశితంగా విమర్శించిన రచయిత. తమ్ముడు ఫ్రాన్సిస్ జార్జ్ ఫౌలర్‌తో కలిసి కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును (1911) కూర్చాడు. 1926లో వెలువడిన ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లీష్ యూసేజ్ అనే గ్రంథం వలన ఈయన పేరు ఆంగ్లం వ్రాసే వారందరికీ పరిచయమైనది. చాలామంది ఈ గ్రంథాన్ని దాని పేరుతో కాక ఫౌలర్ అనే పిలుస్తారు. చూపునకు, ఉచ్చారణకు దగ్గరగా ఉండి అర్థంలో వేరయ్యే ఆంగ్ల పదాలను విడదీసి చూపడం ఈయన చేసిన కృషిలో ముఖ్యమైన భాగం.

బాల్యం, విద్యాభ్యాసం

ఫౌలర్ ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతానికి చెందిన టన్‌బ్రిడ్జ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ ఫౌలర్ మతాచార్యుడు, పాఠశాల ఉపాధ్యాయుడు. తల్లి కారొలీన్. ఎనిమిది మంది సంతానంలో హెన్రీ పెద్దవాడు. 1879లో తండ్రి మరణించడంతో చిన్న వయసులోనే కుటుంబానికి పెద్దదిక్కు అయ్యాడు.

రగ్బీ పాఠశాలలో చదువుకొని, అక్కడ లాటిన్, గ్రీకు భాషలలో మంచి ప్రావీణ్యం సంపాదించాడు. తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని బేలియల్ కళాశాలలో చేరాడు. అక్కడ ఆయనకు ద్వితీయ శ్రేణి మాత్రమే లభించింది. దైవశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణుడు కానందున పట్టా చేతికి రావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. భాషా విషయాలలో ఇంగ్లాండు దేశానికే తీర్పరిగా పేరు పొందిన వ్యక్తి విద్యార్థిగా ఉన్నత శ్రేణి పొందకపోవడం గమనించదగిన విషయం.

ఉపాధ్యాయ వృత్తి, రాజీనామా

స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరోలోని ఫెటిస్ కళాశాలలో కొద్దికాలం పనిచేసిన తరువాత, 1882లో ఉత్తర ఇంగ్లాండులోని సెడ్‌బర్గ్ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. అక్కడ 17 సంవత్సరాల పాటు లాటిన్, గ్రీకు, ఆంగ్లం బోధించాడు. ఫౌలర్ మితభాషి, బిడియస్థుడు. పనిలోను, సమయపాలనలోను చాలా ఖచ్చితంగా ఉండేవాడు.

ఆ రోజులలో ఇటువంటి పాఠశాలలలో వసతిగృహ అధిపతి పదవి గౌరవప్రదమైనది, ఆదాయం కూడా ఎక్కువ. అయితే ఆ పదవిలో ఉన్నవారు తమ విద్యార్థులను క్రైస్తవ మతంలో దృఢీకరణ అనే సంస్కారానికి సిద్ధం చేయవలసి ఉండేది. ఫౌలర్‌కు మతవిశ్వాసం లేదు. నమ్మని విషయాన్ని నమ్మినట్లు పిల్లలకు బోధించడం ఆయనకు సమ్మతం కాలేదు. ప్రధానోపాధ్యాయుడు హెన్రీ హార్ట్ ఈ నియమాన్ని సడలించడానికి అంగీకరించలేదు. ఇద్దరి మధ్య శత్రుత్వమేమీ లేకపోయినా ఇద్దరూ తమ మాట మీదనే నిలబడ్డారు. చివరకు 1899లో ఫౌలర్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. అప్పటికి ఆయనకు 41 సంవత్సరాలు. చేతిలో మరో ఉద్యోగం లేదు.

ఆ తరువాత లండన్‌లోని చెల్సీ ప్రాంతంలో నివసిస్తూ, వారసత్వంగా వచ్చిన చిన్న ఆదాయంతోను, పత్రికలకు వ్యాసాలు వ్రాయడం వలన వచ్చే కొద్దిపాటి సొమ్ముతోను జీవించాడు. రచయితగా ఈ కాలంలో ఆయనకు చెప్పుకోదగిన పేరు రాలేదు.

గెర్న్సీ ద్వీపంలో అన్నదమ్ములు

1903లో ఫౌలర్ ఇంగ్లీషు ఛానల్‌లోని గెర్న్సీ ద్వీపానికి తరలివెళ్ళాడు. ఆయన కంటే సుమారు 13 ఏళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఫ్రాన్సిస్ అప్పటికే అక్కడ టమాటాలు పండిస్తూ జీవిస్తున్నాడు. అన్నదమ్ములు దగ్గర దగ్గరగా ఉన్న రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంటూ కలిసి వ్రాయడం మొదలుపెట్టారు. వారి మొదటి ఉమ్మడి కృషి ప్రాచీన గ్రీకు రచయిత లూసియన్ రచనల ఆంగ్లానువాదం. ఇది 1905లో నాలుగు సంపుటాలుగా వెలువడింది.

1906లో వెలువడిన ది కింగ్స్ ఇంగ్లీష్ అనే పుస్తకం వారికి పేరు తెచ్చింది. అప్పటి పత్రికలలోను, పేరున్న రచయితల పుస్తకాలలోను కనిపించిన తప్పులను అసలు వాక్యాలతో సహా ఎత్తిచూపి, ఎక్కడ పొరబాటు జరిగిందో ఈ పుస్తకం వివరించింది. తెలిసిన పదం ఉండగా అరుదైన పదం వాడరాదని, ఒక మాటతో పోయేదానికి డొంకతిరుగుడు వద్దని, చిన్న పదం చాలినప్పుడు పెద్ద పదం జోలికి పోరాదని వారు సూచించారు. ఒక పదానికి బదులు దానిని పోలిన మరో పదాన్ని వాడే పొరబాట్లకు ఇందులో ప్రత్యేక విభాగం ఉంది. దానికి పెట్టిన పేరు మాలాప్రాప్స్. షెరిడన్ 1775లో వ్రాసిన ది రైవల్స్ నాటకంలో మిసెస్ మాలాప్రాప్ అనే పాత్ర గొప్ప పదాలు వాడాలనే తాపత్రయంతో ఒక మాటకు బదులు మరో మాట పలికి నవ్వు పుట్టిస్తుంది. ఆ పాత్ర పేరే ఇటువంటి పొరబాట్లకు సామాన్య నామమైనది.

1908లో తన 50వ పుట్టినరోజున హెన్రీ ఫౌలర్ జెస్సీ మేరియన్ విల్స్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి సంతానం లేదు. ఆలస్యంగా జరిగిన ఈ వివాహం చివరివరకు అన్యోన్యంగా సాగింది.

కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారు జేమ్స్ మర్రే తదితరుల సంపాదకత్వంలో తయారవుతున్న బృహత్ ఆంగ్ల నిఘంటువు ఆధారంగా, ఒకే సంపుటంలో ఇమిడే నిఘంటువును కూర్చే పనిని ఫౌలర్ సోదరులకు అప్పగించారు. వారికి నిఘంటు నిర్మాణంలో ముందస్తు అనుభవం లేదు. పైగా బృహత్ నిఘంటువు అప్పటికి పూర్తి కాలేదు (అది 1928లో గాని ముగియలేదు). అందుచేత వర్ణమాలలోని చివరి అక్షరాల దగ్గర వారు చాలావరకు సొంత కృషి మీదనే ఆధారపడవలసి వచ్చింది.

1911లో వెలువడిన ఈ నిఘంటువు విజయవంతమైనది. ఆనాడు వాడుకలో ఉన్న భాషకు ప్రాధాన్యమిచ్చి, ప్రతి పదం వాక్యంలో ఎలా ఇముడుతుందో చిన్న ఉదాహరణలతో చూపడం దీని ప్రత్యేకత. దీని తరువాతి ముద్రణలు భారతదేశంలో కూడా విద్యార్థులు, పాత్రికేయులు విరివిగా వాడే నిఘంటువులలో ఒకటయ్యాయి. ఇంకా చిన్నదైన పాకెట్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1924లో వచ్చింది.

యుద్ధం, తమ్ముని మరణం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైన తరువాత ఫౌలర్ గెర్న్సీలో యువకులను సైన్యంలో చేరమని ప్రోత్సహించే ప్రచారంలో పాల్గొన్నాడు. తాను సురక్షితంగా ఉంటూ ఇతరులను యుద్ధానికి పంపడం ఆయన మనస్సాక్షికి సరిపడలేదు. అప్పటికి ఆయన వయసు 55 దాటింది. 44 సంవత్సరాలని చెప్పి తమ్మునితో పాటు సైన్యంలో చేరాడు. నమ్మని మాట చెప్పవలసి వస్తుందని ఉద్యోగాన్నే వదులుకున్న మనిషి చెప్పిన అబద్ధం ఇది.

సోదరులను ఫ్రాన్సుకు పంపారు. కానీ అక్కడ వారికి యుద్ధం చేసే అవకాశం రాలేదు. గిన్నెలు కడగడం, బొగ్గు మోయడం వంటి పనులు అప్పగించారు. పోరాడటానికి వచ్చిన వయసు మీరిన వారిని ఇటువంటి పనులకు ఉపయోగించడం ఎవరికీ ప్రయోజనకరం కాదని వారు పై అధికారికి విన్నపం వ్రాసుకున్నారు. 1916లో ఇద్దరూ అనారోగ్యం కారణంగా సైన్యం నుండి బయటకు వచ్చారు.

సైన్యంలో ఉండగా సోకిన క్షయవ్యాధితో ఫ్రాన్సిస్ 1918లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 47 సంవత్సరాలు. ఆంగ్ల ప్రయోగాల మీద ఒక పెద్ద పుస్తకం వ్రాయాలని అన్నదమ్ములు యుద్ధానికి ముందే కలిసి ప్రణాళిక వేసుకున్నారు. దానిని పూర్తి చేసే భారం హెన్రీ ఒక్కడి మీదనే పడింది. అనేక సంవత్సరాల శ్రమ తరువాత వెలువడిన ఆ పుస్తకాన్ని తమ్ముని స్మృతికి అంకితమిచ్చాడు. తనకంటే చురుకైన బుద్ధి, వాడి అయిన మాట తమ్మునికి ఉండేవని, అతడు జీవించి ఉంటే పుస్తకం మరింత బాగుండేదని ఫౌలర్ అభిప్రాయం.

మోడర్న్ ఇంగ్లీష్ యూసేజ్

1926లో వెలువడిన ఈ గ్రంథం నిఘంటువు వలె అకారాది క్రమంలో ఉంటుంది. కాని ఇందులో పదాల అర్థాలతో పాటు వ్యాకరణం, ఉచ్చారణ, విరామ చిహ్నాలు, శైలి మొదలైన విషయాలపై చిన్నవి, పెద్దవి వ్యాసాలు ఉన్నాయి. మాట మళ్ళీ రాకూడదనే ఉద్దేశంతో అనవసరంగా పర్యాయపదాలు వాడే అలవాటును, గొప్పగా వినిపించాలని పెద్ద పదాలు వాడే అలవాటును ఫౌలర్ ఎగతాళి చేశాడు. వ్యాకరణ నియమాలన్నిటినీ ఆయన గుడ్డిగా సమర్థించలేదు. వాక్యాన్ని విభక్తి వంటి చిన్న మాటతో ముగించరాదనేవి, క్రియకు ముందుండే టు అనే మాటను ఎన్నడూ విడదీయరాదనేవి మూఢనమ్మకాలని వాదించాడు. పుస్తకం వెలువడిన మొదటి సంవత్సరంలోనే పలుమార్లు పునర్ముద్రణ పొందింది.

పోలిక గల పదాలు

ఆంగ్లంలో ఒకదానినొకటి పోలిన పదాలు ఎక్కువగా ఉండటానికి చారిత్రక కారణాలున్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాత ఫ్రెంచి పదాలు, తరువాతి శతాబ్దాలలో పండితుల ద్వారా లాటిన్ పదాలు ఆంగ్లంలోకి పెద్ద ఎత్తున చేరాయి. ఒకే మూలం నుండి రెండు దారులలో రెండు పదాలు రావడం, ఒకే ధాతువునకు రెండు వేర్వేరు ప్రత్యయాలు చేరడం సామాన్యమైనది. ఉదాహరణకు పట్టుకొను అనే అర్థం గల క్యాచ్, తరుము అనే అర్థం గల చేజ్ అనే పదాలు రెండూ ఒకే లాటిన్ మూలానికి చెందినవే. ఒకటి ఉత్తర ఫ్రాన్సు మాండలికం నుండి, మరొకటి మధ్య ఫ్రాన్సు మాండలికం నుండి వచ్చాయి. ధనపు పెట్టె అనే అర్థం గల కాఫర్, శవపేటిక అనే అర్థం గల కాఫిన్ పదాలకు కూడా మూలం ఒకటే. తెలుగులో శ్రీ అనే తత్సమం, సిరి అనే తద్భవం ఒకే మూలం నుండి వచ్చి వాడుకలో వేరైన తీరు ఇటువంటిదే.

ఇలా ఏర్పడిన జంటలో రెండు పదాలూ కొంతకాలం రెండు అర్థాలలోను వాడబడి, క్రమేపీ ఒక్కొక్క పదం ఒక్కొక్క అర్థానికి స్థిరపడుతుంది. ఈ ప్రక్రియను ఫౌలర్ భేదీకరణ అనే శీర్షిక క్రింద చర్చించాడు. భాషకు ఇది మేలు చేస్తుందని ఆయన దృఢాభిప్రాయం. రెండు భావాలకు రెండు పదాలు ఉన్నప్పుడు చెప్పదలచినది స్పష్టంగా చెప్పవచ్చు. నిర్లక్ష్యంతో వాటిని కలిపివేస్తే భాష ఒక పనిముట్టును పోగొట్టుకుంటుంది. అందుచేత ఏర్పడుతున్న భేదానికి రచయితలు తోడ్పడాలని, కనీసం అడ్డుపడరాదని ఆయన కోరాడు. పొరబాటుకు దారితీసే జంటలను ఉచ్చులతో పోల్చుతూ ఒక ప్రత్యేక వ్యాసం కూడా వ్రాశాడు.

సామాన్యంగా పొరబాటు జరిగే కొన్ని జంటలు:

* అఫెక్ట్, ఎఫెక్ట్ – ఏ అక్షరంతో మొదలయ్యే అఫెక్ట్ అంటే ప్రభావం చూపడం. ఈ అక్షరంతో మొదలయ్యే ఎఫెక్ట్ క్రియగా వాడినప్పుడు నెరవేర్చడం, నామవాచకంగా వాడినప్పుడు ఫలితం. ఒక మందు రోగి కోలుకోవడాన్ని అఫెక్ట్ చేసిందంటే మంచికో చెడుకో ఎంతో కొంత మార్పు తెచ్చిందని అర్థం. ఎఫెక్ట్ చేసిందంటే రోగి కోలుకున్నాడని అర్థం.
* డెఫినిట్, డెఫినిటివ్ – మొదటిది స్పష్టమైనది, రెండవది తుదిది. డెఫినిట్ అయిన బేరంలో షరతులు స్పష్టంగా ఉంటాయి. డెఫినిటివ్ అయిన బేరాన్ని ఒప్పుకోవడమో మానడమో తప్ప ఇక మార్చడానికి వీలుండదు.
* మాస్టర్‌ఫుల్, మాస్టర్లీ – మొదటిది అధికారం చెలాయించే స్వభావాన్ని, రెండవది ఆరితేరిన నైపుణ్యాన్ని సూచిస్తాయి.
* కంటిన్యువల్, కంటిన్యువస్ – మాటిమాటికీ జరిగేది మొదటిది, మధ్యలో ఆగకుండా సాగేది రెండవది.
* ఇన్‌టెన్స్, ఇన్‌టెన్సివ్ – మొదటిది తీవ్రమైనది. రెండవది ఒకే చోట శ్రమను కేంద్రీకరించే పద్ధతికి చెందినది. సాంద్ర వ్యవసాయానికి వాడేది ఈ రెండవ పదమే.
* ఇంజీనియస్, ఇంజెన్యువస్ – మొదటిది ఉపాయం గల, రెండవది కపటం లేని. ఒక వ్యక్తిని మెచ్చుకోబోయి అమాయకుడని, అమాయకుడనబోయి తెలివిగలవాడని చెప్పే ప్రమాదం ఇక్కడ ఉంది.
* లగ్జూరియంట్, లగ్జూరియస్ – ఏపుగా, దట్టంగా పెరిగినది మొదటిది. విలాసవంతమైనది రెండవది.
* హిస్టారిక్, హిస్టారికల్ – చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది మొదటిది. చరిత్రకు సంబంధించినది ఏదైనా రెండవది.
* డెప్రికేట్, డిప్రీషియేట్ – మొదటిది నిరసించడం, రెండవది విలువ తగ్గడం లేదా తగ్గించడం.

ఇటువంటి తేడాల విలువ ఎంతటిదో తెలిపే సంఘటన ఒకటి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944లో, నార్మండీ తీరంపై దాడికి సన్నాహాలు జరుగుతున్న సమయంలో బ్రిటిషు ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ సైనిక గూఢచార విభాగం వారి పత్రంలో ఇన్‌టెన్సివ్ అనే పదాన్ని చూసి, అక్కడ ఇన్‌టెన్స్ అని ఉండవలసిందని, ఈ విషయంలో ఫౌలర్ గ్రంథాన్ని చదవమని వ్రాసి పంపాడు. అప్పటికి ఫౌలర్ మరణించి పది సంవత్సరాలు దాటింది.

విమర్శ

ఫౌలర్ అభిప్రాయాలను అందరూ అంగీకరించలేదు. డెన్మార్కు భాషావేత్త ఒట్టో యెస్పెర్సన్ ఒక వ్యాకరణ విషయంపై ఆయనతో వాదించాడు. భాష ఎలా ఉండాలో చెప్పడం కంటే ఎలా ఉన్నదో చెప్పడమే పండితుల పని అని ఆధునిక భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. మాస్టర్‌ఫుల్, మాస్టర్లీ పదాల మధ్య ఫౌలర్ చెప్పిన భేదాన్ని చాలామంది మంచి రచయితలు పాటించలేదని తరువాతి పరిశీలకులు చూపారు.

కొన్ని భేదాలు కాలక్రమంలో చెరిగిపోయాయి కూడా. తనను తాను తక్కువ చేసుకొని మాట్లాడే స్వభావానికి పాత లెక్క ప్రకారం డిప్రీషియేట్ నుండి వచ్చిన మాట వాడాలి. కాని డెప్రికేట్ నుండి వచ్చిన మాటే వాడుకలో స్థిరపడింది. దానిని ఇప్పుడు ఎవరూ తప్పుగా భావించరు. అయితే ఫౌలర్ కూడా వాడుక బలాన్ని తెలిసినవాడే. తర్కానికి నిలవకపోయినా వాడుకలో పాతుకుపోయిన ప్రయోగాలతో పోరాడటం వృథా అని ఆయన అనేక చోట్ల ఒప్పుకున్నాడు.

చివరి రోజులు

1925లో ఫౌలర్ దంపతులు గెర్న్సీ విడిచి ఇంగ్లాండులోని సోమర్‌సెట్ ప్రాంతంలో హింటన్ సెయింట్ జార్జ్ అనే గ్రామానికి వచ్చారు. ఫౌలర్ దినచర్య చాలా నియమబద్ధమైనది. తెల్లవారుజామున లేచి పరుగెత్తడం, చలికాలంలో సైతం చన్నీటిలో ఈదడం, ఇంటి పనులు తానే చేసుకోవడం ఆయన అలవాట్లు. పని సులువుగా సాగేందుకు ఒక సేవకుని జీతం తాము భరిస్తామని ముద్రణాలయం వారు చెప్పినప్పుడు, తన ఆరోగ్యానికి ఆ ఇంటి పనులే కారణమని చెప్పి సున్నితంగా తిరస్కరించాడు.

కన్సైజ్ నిఘంటువు రెండవ ముద్రణను 1929లో సిద్ధం చేశాడు. 1930లో భార్య జెస్సీ క్యాన్సరు వ్యాధితో మరణించింది. ఆమె కోసం వ్రాసిన చిన్న పద్యాలను 1931లో రైమ్స్ ఆఫ్ డార్బీ టు జోన్ అనే పేరుతో ప్రచురించాడు. 1933 డిసెంబరు 26న, 75 సంవత్సరాల వయసులో, ఫౌలర్ హింటన్ సెయింట్ జార్జ్‌లో మరణించాడు.

తరువాతి ముద్రణలు

మోడర్న్ ఇంగ్లీష్ యూసేజ్ రెండవ ముద్రణను సర్ ఎర్నెస్ట్ గోవర్స్ 1965లో సవరించాడు. ఆయన ఫౌలర్ గొంతును చాలావరకు అలాగే ఉంచాడు. 1996లో రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్ సంపాదకత్వంలో వచ్చిన మూడవ ముద్రణలో చాలా భాగం తిరిగి వ్రాయబడింది. నాలుగవ ముద్రణ 2015లో జెరెమీ బటర్‌ఫీల్డ్ సంపాదకత్వంలో వెలువడింది. 1926 నాటి మూల గ్రంథాన్ని డేవిడ్ క్రిస్టల్ ముందుమాటతో 2009లో మళ్ళీ ముద్రించారు. జెన్నీ మెక్‌మోరిస్ వ్రాసిన ఫౌలర్ జీవితచరిత్ర 2001లో వచ్చింది.

ముఖ్య రచనలు

* లూసియన్ రచనల అనువాదం (1905) – తమ్మునితో కలిసి
* ది కింగ్స్ ఇంగ్లీష్ (1906) – తమ్మునితో కలిసి
* కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు (1911) – తమ్మునితో కలిసి
* పాకెట్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు (1924) – తమ్మునితో కలిసి. ఆయన మరణానంతరం వెలువడింది
* ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లీష్ యూసేజ్ (1926)
* రైమ్స్ ఆఫ్ డార్బీ టు జోన్ (1931)